బుక్ అయిపోయిన బండి

అయినా అంత పొడుగు కాళ్లు ఏం చేసుకోను, ప్యాంటుకి గుడ్డ దండగ, అనుకుంది ఆమె.

అనుకుందే గానీ, కళ్లు ఆ కాళ్ల మీంచి కదల్లేదు.

షోరూం మధ్యలో నల్ల మోటార్‌సైకిల్. రోజూ బస్సులోంచి అద్దాల వెనక చూసుకుంటూ, నాది, నాది అనుకున్న బండి. దాని మీద ఎవరో పొడుగు మనిషి కూర్చుని ఉంది. రెండు పాదాలూ నేలకి ఆనాయి. ఎడమది మరీను, పాతేసిన గుంజలా.

ఆమె టైలరు. టేపు లేకుండానే మనిషి కొలతలు చెప్పేస్తుంది. ఆవిడ ఎడమ మోకాలి కింద ప్యాంటు ఒక్క ముడత లేకుండా తిన్నగా జారడం కూడా చూసింది. ఎవరు కుట్టారో! ఆ చేతి మీద కూడా కుళ్లు పుట్టింది.

మనసులోనే ఆవిడకి పేరు పెట్టేసింది. కొంగ.

"కాస్త దిగుతారా? నేను చూడాలి."

కొంగ నింపాదిగా దిగింది, రాణీగారు పల్లకీ దిగినట్టు.

ఆమె ఎక్కింది. మునివేళ్లే అందాయి. స్టాండు తియ్యగానే బండి పక్కకి ఒరిగింది. కొంగ చటుక్కున హ్యాండిల్ పట్టుకుంది.

"మొదటి బండా?"

"అయితే?"

"చాలా బరువు. ఒరిగితే ఆపగలరా?"

"ఆపుతా."

"మునివేళ్లతో ఆపడానికి ఇదేమన్నా ఉయ్యాలా అమ్మా?"

ఆమె వెంట వచ్చిన భర్త కిసుక్కున నవ్వాడు. అక్కడ మండింది ఆమెకి.

"ఇదే కావాలి," అంది సేల్స్‌మన్‌తో.

"కుదరదు," అంది కొంగ. "ఇది నాది. బుక్ చేసేసుకున్నా. ఆ బూడిద రంగుది చూడండి. తేలిక, ఎత్తూ తక్కువ."

సేల్స్‌మన్ నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

ఆమె బూడిద రంగు బండితో ఇంటికొచ్చింది, ముఖం కూడా అదే రంగు చేసుకుని.

"ఆవిడ ఎంత నిబ్బరంగా కూర్చుందో!" అన్నాడు భర్త.

"మీరు చూసింది బండినా, మనిషినా?"

"రెండూ ఒకచోటే ఉంటే ఏం చెయ్యను?"

గుండీ కుట్టమని అతనిచ్చిన చొక్కా అలాగే మూలకి పోయింది.

ఆ తర్వాత ప్రతి మలుపులోనూ నల్ల బండి తనని దాటిపోతున్నట్టే ఉండేది. నిలువుటద్దం ముందు నిలబడితే తను కనబడేది కాదు, ఆ కాళ్లు కనబడేవి. ఎవరి ప్యాంటు కుడుతున్నా అది ఆవిడదేనేమో అనిపించి, సూది గట్టిగా పొడిచేది.

వాన వెలిసిన ఒక సాయంత్రం రోడ్డు మీది ఇసుకలో చక్రం జారింది. వెనకే లారీ. గబుక్కున కాలు దించింది. మడమ నేలకి ఆనింది. బండి ఒరిగి, ఆ కాలి మీదే ఆగింది. లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది.

కరెంటు స్తంభానికి తగిలి పగిలింది అద్దం ఒక్కటే.

అద్దం వేయించుకోవడానికి షోరూంకి వెళ్తే, నల్ల బండి అక్కడే ఉంది.

"ఆవిడ తీసుకోలేదా?"

సేల్స్‌మన్ అటూ ఇటూ చూశాడు. "ఆవిడెక్కడ కొంటుంది మేడమ్? కాళ్లందని కొత్తవాళ్లు ఎవరెక్కినా నాదనేది. బేరాలు చెడగొడుతోందని మా ఓనరు మొన్న నలుగురిలో తిట్టి పంపేశాడు. ఇక రాదు."

"ఆవిడకెందుకట అంత బాధ?"

"తన మొదటి బండి ఇదే రకం. అంత పొడుగుండి కూడా ఒరిగితే ఆపలేకపోయింది. వెనకొచ్చిన లారీ..." గొంతు తగ్గించాడు. "ఎడమది పెట్టుడు కాలు మేడమ్."

ముడత పడని ఆ ప్యాంటు ఆమె కళ్ల ముందు కదిలింది.

అవతల ఎవరో కాలేజీ అమ్మాయి నవ్వుకుంటూ నల్ల బండి ఎక్కుతోంది. మునివేళ్లు నేలని వెతుక్కుంటున్నాయి.

ఆమె గబగబా వెళ్లి, ట్యాంకు మీద చెయ్యి వేసింది.

"దిగమ్మా. ఈ బండి నాది."