దేవుడి పత్తి

"దీపం పత్తయ్యా అది! ఆవిరి పీల్చే ఆ వేప్‌లో కుక్కుతావా?" నా భార్య కోటేశ్వరి నా చేయి పట్టుకుంది. డబ్బాలో మిగిలింది ఆ ఒక్క ఉండే.

"ఇవాళ బ్యాంక్ హాలిడే, ఐర్లండంతా సెలవు. మన గాల్వేలో వేప్ షాపు మూశారు. దీన్లో పాత వత్తి మాడి, పీలిస్తే గొంతు మండుతోంది."

"ఒక్కరోజు ఆగలేవా?"

"ఆగను. సిగరెట్టు మానింది దీని బలంతోనే. ఇది కూడా వద్దంటే పెట్రోల్ బంకుకెళ్లి సిగరెట్టు ప్యాకెట్ తెచ్చుకుంటా. నీ దేవుడు ఒక్కపూట దీపం లేకుండా ఉండలేడా?"

ఆమె పత్తి లాక్కుంది. నలుసులు ఏరి, వదులుగా వత్తి చేసింది. కుందిలో వేస్తుందనుకున్నాను. నా అరచేతిలో పెట్టింది.

"గట్టిగా కుక్కమాక, మళ్లీ మాడుద్ది. స్వామి ఈ పూటకి చీకట్లో ఉంటాడు. అడిగితే నేను చెప్పుకుంటా."