గొట్టంలో ఎముక

"వారం పట్టేది బాపూ, రెండు రోజులకే గిట్ల పెరిగింది," అంటూ భూమిక కామారెడ్డి కాలేజీ ల్యాబులో గాజుగొట్టం చూపించింది.

ఒంట్లో ఎముక పెరిగే తీరులోనే జెల్లీలాంటి జిగురులో ఎముక ఖనిజపు స్ఫటికాలు పెంచుతోందామె. సన్నటి పొర కట్టి ఆగాల్సినవి, సూదుల్లా పొడుచుకొచ్చి గొట్టమంతా నిండాయి.

"డిస్టిల్డ్ వాటర్ అయిపోతే, మొన్న నువ్వు తెచ్చిన మన తండా బోరు నీళ్లు పోసిన."

ఎల్లారెడ్డి దగ్గరి తండా నుంచి సద్దితో వచ్చిన తండ్రి ధర్మ్యా మురిసిపోయాడు. "మన నీళ్లకు బలమెక్కువ బిడ్డా!"

"అడుగున చూడు, ఇంకా ఆగలే."

ఆయన మెడ వంచబోయాడు. వంగలేదు. ఒళ్లంతా కొయ్యలా వంచి చూశాడు.

"రెండేండ్ల సంది మెడ గిట్లనే పట్టేసింది," అని నవ్వి, సంచిలోంచి అదే బోరు నీళ్ల సీసా తీశాడు. "నీకనే తెచ్చిన, తాగు."