రేపటి చలానా

తప్పు జరగకముందే చలానాలు రావడం మొదలై మూడేళ్లయింది. శనివారం వకుళకు వచ్చినదాంట్లో, "రేపు ఉదయం పది ఇరవైకి మీ కారు పెద్దాసుపత్రి గేటు ముందు, ఆపకూడని చోట ఆగుతుంది" అని ఉంది.

ఆమె మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి అభ్యంతరం రాసిచ్చింది. "ఆదివారం పూట నాకు ఆసుపత్రిలో ఏం పనండీ?" అని గుమాస్తాను నిలదీసింది.

"మాకేం తెలుస్తుందండి? మిషను పంపుద్ది. ఊరికే మాత్రం ఎవరికీ పంపదు."

ఆ చివరి మాట ఆమెను ఇంటిదాకా వెంటాడింది. వంటింట్లో భర్త పట్టాభి బెండకాయలు తరుగుతూ, మధ్యలో కత్తి పక్కన పెట్టి ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు. అందరికీ ఉన్నట్టే ఆయన చేతికీ నాడి కొలిచి మునిసిపాలిటీ మిషనుకు పంపే వాచీ ఉంది.

వకుళ దాన్నే చూస్తూ, "నొప్పిగా ఉందాండీ?" అంది.

"ఏం లేదే. నిద్రలో పట్టేసింది."

"ఎన్నాళ్లయింది?"

ఆయన చూపు తప్పించాడు. "నాలుగు రోజులు."

ఆమె అప్పటికప్పుడే ఆయన్ని కారెక్కించింది. గుండె రక్తనాళం మూసుకుపోతోందని, రేపటిదాకా ఆగి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు.

సోమవారం గుమాస్తా నవ్వుతూ కాగితం అందించబోయాడు. "మీ అభ్యంతరం నెగ్గిందండి. నిన్న కారు అక్కడ ఆగలేదుగా, చలానా కొట్టేశారు."

వకుళ కాగితం అందుకోలేదు.

"మా ఆయన వాచీ చూసే కదా పంపారు?"

అతను కాగితాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"గుండె ఆగబోతోందని తెలిసీ, కారు ఆపొద్దని మాత్రమే చెప్పారా?"