పదిహేను వందల మీటర్ల చూపు

"తొమ్మిది వందలే," అంది యూలికె, తెర మీది అంకె చూస్తూ. "పదిహేను వందల మీటర్లు కనబడితే గానీ దిగనంటున్నాడు పైలట్. అరగంట చూసి వెనక్కి వెళ్లిపోతాడట."

ఆ చిన్న విమానాశ్రయపు వాతావరణ గదిలో ఆమె పై అధికారి సహ్దాన్ కిటికీలోంచి చూశాడు. రేవు పక్క దవాఖానాలో ఆయన నాలుగేళ్ల మనవరాలు నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంటోంది. విమానం దిగితే పట్నం ఆసుపత్రి. దిగకపోతే పడవలో రెండు రోజులు.

మూడు వారాలుగా, ఎండిన ఆకులూ వేళ్లూ పేరుకున్న బురదనేల లోలోపల కాలుతోంది. కిటికీ బయట పొగ తప్ప ఏమీ లేదు. నలభై అడుగుల దూరంలో, చూపు ఎంత దూరం ఆనుతుందో కొలిచే యంత్రం రెండు చేతులు చాచి నిలబడింది. ఒక చేయి వెలుగు చిమ్ముతుంది. పొగకు తగిలి చెదిరిన వెలుగును రెండోది పట్టుకుంటుంది. ఎంత ఎక్కువ వెలుగు పడితే అంత పొగ ఉన్నట్టు లెక్క, తెర మీది అంకె అంత తగ్గుతుంది.

మధ్యాహ్నం నాలుగు చినుకులు పడ్డాయి, బూడిద కలిసి నల్లగా. అప్పటినుంచి అంకె లేస్తోంది.

"పన్నెండు వందలు! వాన పనిచేసింది, పాక్," అంది యూలికె. అక్కడ పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు.

"అర కిలోమీటరులో ఉన్న నీళ్ల ట్యాంకే నాకు కనబడటం లేదు."

"నిన్న గుమ్మంలో నేనే కనబడలేదు మీకు. కాలు తొక్కేశారు. ఆ కళ్లు చూపించుకోమంటే వినరు కదా!"

"ఆ యంత్రం అద్దాలు తుడిచి ఎన్నాళ్లయింది?"

"పొగరోజుల్లో తుడవొద్దన్నది మీరేగా. మసి పడితే ఉన్నదానికంటే తక్కువే చూపిస్తుంది, ప్రాణాలకు అదే మంచిదన్నారు."

నిజమే. ఆ అలవాటు పెట్టింది ఆయనే. మురికి కళ్లజోడులోంచి ఎలా కనబడుతుందో ఆయనకు తెలుసు.

"పదిహేను వందల యాభై!" యూలికె లేచి నిలబడింది. "మసి పట్టి కూడా ఇంత చూపిస్తుంటే అసలు రెండు వేలు ఉండదూ? పైలట్‌కి చెప్పేయనా పాక్? మీ మాటే ఆఖరు."

సహ్దాన్ మరోసారి ట్యాంకు ఉండాల్సిన వైపు చూశాడు. మనవరాలి నోరు గుర్తొచ్చింది.

"చెప్పెయ్."

దిగుతున్నానన్నాడు పైలట్ రేడియోలో. ఇంజను మోత పొగలో ఎక్కడో కిందికి జారింది.

"ఇక తుడిచేయండి పాక్. అసలు అంకె ఎంతో చూద్దాం," అంది యూలికె, నవ్వుతూ.

ఆయన తడిగుడ్డ తీసుకుని వెళ్లాడు. వెలుగు పట్టుకునే అద్దం మీద బూడిద అట్టకట్టి ఉంది. గోటితో గీకి, నున్నగా తుడిచి, అయిందన్నట్టు చెయ్యూపాడు.

యూలికె తెర వైపు తిరిగింది.

రెండు వందలు.