సుద్ద అంటిన వేలు

గణితశాఖలో ప్రతి బుధవారం ఓ కొత్త నిరూపణపై ప్రసంగించేది యంత్రమే. మనిషి ఒకరు విని, అర్థమైందని వేలిముద్ర వేస్తేనే ఆ నిరూపణ చెల్లుతుంది. ఆ ఉద్యోగం వకుళమ్మది.

ఆ రోజు ఆమె వేలు కదల్లేదు. "ఏడో మెట్టు నాకు అర్థం కాలేదండీ."

"ఎవరికి అర్థమై ఏడిసింది గనక? టీ చల్లారిపోతోంది, వేసేయండమ్మా! లేదంటే రేపట్నుంచి ఇంకొకరు వేస్తారు," అన్నాడు శాఖాధిపతి.

"పొద్దున దేవుడికి దీపం పెట్టిన వేలండీ ఇది. అబద్ధానికెలా పెట్టను?"

వకుళమ్మ మూలనున్న నల్లబల్ల దుమ్ము దులిపి, సుద్దముక్క అందుకుంది. "మళ్లీ చెప్పు నాయనా," అంది యంత్రంతో. నాలుగోసారికి ఆమె ముఖం విచ్చుకుంది. తృప్తిగా వేలు పెట్టింది.

"ముద్ర పడలేదు. వేలికేదో తెల్లటి పొడి అంటింది. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి," అంది యంత్రం.

శాఖాధిపతి తన రుమాలు అందించాడు.