చీమకు క్షమాపణ

"మా డేటాబేసుకు తాళాలెలా వెయ్యాలో మాకు చీమలు నేర్పక్కర్లేదు. ముందు మాన్యువల్ చదవడం నేర్చుకోండి."

ఈ రెండు వాక్యాలనూ కంపెనీ ఎండీ వీడియో మీటింగులో పైకి చదివాడు. నెమ్మదిగా, వార్తలు చదివినట్టు చదివాడు. వీడియోలో ఉన్నవాళ్లంతా తలలు దించుకున్నారు. రాసినాయనకు తల కొట్టేసినట్టయింది.

రాసింది మేష్టారు. నిజానికి ఆయన ఏ బళ్లోనూ పాఠాలు చెప్పలేదు. పలు సంస్థల డేటాను తన సర్వర్లలో దాచిపెట్టే ఓ క్లౌడ్ కంపెనీలో సెక్యూరిటీకి పెద్ద. అడిగినా అడక్కపోయినా క్లాసు పీకుతారు కాబట్టి ఆఫీసులో ఆ పేరు పడింది.

పోయిన వారం 'చీమ' అనే మారుపేరుతో ఎవరో కంపెనీకి రాశారు. మీ డేటాబేసులో కన్నముంది, ఒక కస్టమరు తాళంచెవితో పక్క కస్టమరు డేటా కూడా తెరుచుకుంటోంది, చూసుకోండి అని. మేష్టారు ఆ రెండు వాక్యాల జవాబు పడేసి చేతులు దులుపుకున్నారు.

చీమ ఊరుకోలేదు. ఇవాళ పొద్దున్నే ఏకంగా ఎండీకే రాసింది. జూనియర్లు అది చెప్పినట్టే చేసి చూశారు. ఓ ఆస్పత్రి రోగుల వివరాలన్నీ తలుపు తీసిన బీరువాలా కళ్లెదుట కనబడ్డాయి.

అందరూ మరమ్మతుకు దిగారు. సర్వర్లన్నిటికీ కన్నం పూడ్చే ప్యాచ్ వెయ్యాలి, కస్టమర్లందరి తాళాలూ మార్చాలి. ఎంత కిందామీదా పడ్డా రేపటికి గాని అవదు. చీమ మాత్రం చివర్లో ఓ మాట రాసింది. "సాయంత్రంలోగా సరైన జవాబు రాకపోతే ఈ సంగతి అందరికీ చెప్పేస్తాను. లోపల జబ్బుల వివరాలున్నవాళ్లకు తెలియాలి కదా."

కన్నం పూడకముందే లోకానికి తెలిస్తే, లోకంలోని దొంగలంతా అందులోంచే దూరతారు.

"నిప్పు పెట్టింది మీరు. ఆర్పాల్సిందీ మీరే" అన్నాడు ఎండీ. "క్షమాపణ రాయండి. అది చదివి చీమ రేపటిదాకా ఆగాలి. ఆగకపోతే మీరిక ఆఫీసుకు రానక్కర్లేదు."

మేష్టారు ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నారు. ఇన్నేళ్ల సర్వీసులో సారీ అన్న ముక్క రాసిన పాపాన పోలేదు. భార్యను అడగొచ్చు. కానీ ఆవిడ "మీ నోరే అంత" అని మొదలుపెడితే సాయంత్రం కాస్తా దాటిపోతుంది. కొడుకు ఆఫీసు పని మీద ఊరెళ్లాడు. మిగిలింది కోడలు. మేష్టారి కంపెనీలోనే డేటా దాచుకునే ఓ రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ ఉద్యోగం, ఇవాళ ఇంటి నుంచే పని. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడటం ఆ పిల్లకే తెలుసు. మామగారి మాటకు ఏనాడూ ఎదురు చెప్పి ఎరగదు.

"అమ్మా, ఒక్కసారి ఇటు రామ్మా."

కోడలు వచ్చింది. మేష్టారు సంగతంతా చెప్పారు. తన జవాబు మాత్రం నోటితో చెప్పలేక తెర మీద చూపించారు. ఆమె దాని మీద ఎక్కువసేపు చూపు నిలపలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఆయన రాయడం మొదలుపెట్టారు. "మీ సందేశంలో స్పష్టత లేనందున..."

"ఇందులో తప్పంతా చీమదే అన్నట్టుంది మామయ్యగారూ."

మార్చారు. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాం."

"ఎవరి మనసో తెలుసు కదండీ. అలా రాశాక నొచ్చుకోకుండా ఎలా ఉంటుంది? మళ్లీ 'ఉంటే' ఎందుకు?" కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. "'చింతిస్తున్నాం' అన్నారు. ఆ జవాబు ఎంతమంది కలిసి రాశారు?"

"నేనొక్కణ్ణే" అన్నారు మేష్టారు గొంతు తగ్గించి. వెంటనే ఉక్రోషం ముంచుకొచ్చింది. "అయినా ఆ మనిషి పేరు పెట్టి రాస్తే ఏం పోయింది? దొంగచాటుగా చీమ, దోమ అనుకుంటూ!"

"తప్పు మీదేనని తన పేరు పెట్టి మీకు చెప్పే వీలు లేదేమో పాపం."

మేష్టారు రాసిన వాక్యం చెరిపేశారు.

"అసలెందుకలా రాశారు మామయ్యగారూ?"



"చదవలేదమ్మా" అన్నారు. "రెండో లైను దాటలేదు. నా కంటపడని కన్నం ఇంకొకరికి కనబడిందంటే మనసొప్పలేదు. ఎవడో కుర్రకుంక అనుకున్నాను. ఇవాళ పిల్లలందరి ముందూ నా రాత నాకే చదివి వినిపిస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాననుకో."

"అదే రాయండి."

"ఇదా? పరువు పోదూ?"

"అది పోయిన వారమే పోయింది కదండీ."

కోడలి నోట ఇంత మాట ఆయన ఎప్పుడూ వినలేదు. కోప్పడదామంటే కారణం దొరకలేదు. తల వంచుకుని రాశారు.

"మీరు చెప్పింది నిజం. నేను పూర్తిగా చదవకుండానే ఎగతాళి చేశాను. నాకు తెలియనిది మీకు తెలుసని ఒప్పుకోలేకపోయాను. సిగ్గుపడుతున్నాను. నా మీది కోపంతో పదిమంది గుట్టు దొంగల పాలు కానివ్వకండి. రేపటిదాకా ఆగండి, కన్నం పూడ్చేస్తాం. నన్ను క్షమించండి."

కింద ఎప్పుడూ పెట్టుకునే హోదా చెరిపేసి, ఒట్టి పేరు మాత్రం ఉంచారు. పైకి చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు గాని, కోడలి ముఖంలోకి చూడలేకపోయారు.

"ఇప్పుడు బాగుందా అమ్మా? ఆగుతుందంటావా?"

"ఆగుతుందండీ."

మేష్టారు ఊపిరి పీల్చుకుని, పంపడానికి వేలు ముందుకు చాపారు.

కోడలు కుర్చీలోంచి లేచి నిలబడి, "పంపక్కర్లేదు మామయ్యగారూ, నాకందింది" అంది.