సారం బ్రాంచి హెడ్డు

“చైర్మన్ అంటే ఏంది, ఊరికే కుర్చీలో కూర్చోవడమా? నాకొద్దు,” అన్నాడు ఆదికేశవులు.

“అయ్యో, కాదు మామా! చైర్మన్ అంటే అందరికన్నా పైన. ఆయన ఎవర్నీ అడగనక్కర్లేదు,” అంది చిన్నకోడలు అర్చిత.

“నేను అమ్మవార్ని అడుగుతానే! మరి ఆమెకేం పేరు పెడతావు?”

 అర్చిత చదివిన ఎంబీఏ పుస్తకాలన్నీ తిరగేసినా అమ్మవారికి హోదా దొరకదు మరి.

పుదుచ్చేరి బజారులో తాతల నాటి పెయింటు కొట్టు వాళ్లది. సునామీ వచ్చిన రెండేళ్లకు దాన్ని ప్రైవేట్ లిమిటెడ్ చేసి, ఊళ్లోనే సారం అనే పేటలో కొత్త షోరూము కట్టారు. ఎవరి హోదా ఏమిటో చెప్పమని చెన్నై నుంచి రంగుల కంపెనీవాళ్లు ఒకటే ఫోన్లు. ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చింది అర్చితకే. అందుకే అందర్నీ హాల్లో కూర్చోబెట్టి చైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్, బ్రాంచ్ హెడ్ అంటూ పాఠం మొదలుపెట్టింది. లోపల మాత్రం ఒకటే కోరిక. సారం బ్రాంచికి తనే హెడ్డు కావాలి. చదివిన చదువంతా పోపులపెట్టె పాలవుతుందేమోనని ఆమె భయం.

పెద్దకొడుకు పద్మనాభన్‌కు అలాంటి దిగులేమీ లేదు. సారం ఎలాగూ తనకే వస్తుందని అతని ధీమా. “అథారిటీ అంటే సంతకం పెట్టే అధికారమే గదా? యాడ పెట్టాలో చూపించు, చదవకుండానే పెట్టేస్తా!” అని తొడ మీద చరుచుకుని నవ్వాడు.

అతని భార్య మంగళ నవ్వలేదు. గుమ్మంలో కూర్చుని, కాలాపేట నుంచి పూలు తెచ్చే మారియమ్మతో కబుర్లాడుతూ గన్నేరు పూలు ఏరుకుంటోంది. సముద్రపు నీళ్లు ఏ జాగాలోకి వచ్చి పోతాయో మొదలుకొని బజారులో ఎవరి గురించి ఎవరేమనుకుంటున్నారో దాకా మారియమ్మకు తెలియని సంగతి ఉండదు. అవన్నీ వినే తీరిక ఆ ఇంట్లో మంగళకు తప్ప ఎవరికీ లేదు.

“మామా, సారం బ్రాంచి నాకివ్వండి,” అనేసింది అర్చిత, ఇక ఆగలేక.

 ఆమె భర్త సుజిత్ అన్నగారి వంక చూడలేక తల దించుకున్నాడు. పద్మనాభన్ నవ్వు ఆగిపోయింది.

“రేపు శుక్రవారం. పూలు పెట్టి అడుగుదాం,” అన్నాడు ఆదికేశవులు.

“పూలా? కావాలంటే పరీక్ష పెట్టండి మామా, రాస్తాను. ఇంత పెద్ద సంగతి పూలు తేలుస్తాయా?”

పెద్దాయనకు కోపం రాలేదు. “నువ్వు కొత్తగా వచ్చినదానివి, నీకు తెలీదు. కాలాపేటలో గోడౌనుకు జాగా చూసినాం. మంచి చవక. మా పెద్దోడు అడ్వాన్సు ఇచ్చేదానికి చొక్కా తొడుక్కుని నిలబడినాడు. అమ్మవారు ఎర్రపువ్వు ఇచ్చింది. సరి, వద్దులే అని మానుకున్నాం. ఆ డిసెంబర్లోనే సముద్రం లేచొచ్చింది. ఇప్పుడు ఆ జాగాలో ఒక్క ఇటుక లేదు.”

 అర్చిత మళ్లీ పరీక్ష మాట ఎత్తితే ఒట్టు.

మర్నాడు పొద్దున్నే మంగళ తలంటు పోసుకుని, పూజగది తలుపు మూసుకుని పొట్లాలు కట్టింది. పదేళ్ల కిందట అత్తగారు పోతూ పోతూ ఆమెకు అప్పజెప్పిన పని అది. కట్టేటప్పుడు ఎవరూ చూడకూడదు. ఒక అరటాకు ముక్కలో తెల్లపువ్వు, ఇంకొక దానిలో ఎర్రపువ్వు. తెల్లది వస్తే సరేనని, ఎర్రది వస్తే వద్దని. తీయకుండా మిగిలిన పొట్లాన్ని విప్పకుండా పెరటి బావిలో వేసేయాలి.

రెండు పొట్లాలూ అమ్మవారి పాదాల దగ్గర పెట్టారు. ఆదికేశవులు చేతులు జోడించి, “తల్లీ, సారం కొట్టుకు అర్చితను హెడ్డుగా పెట్టమంటావా?” అని గట్టిగా అడిగి, కళ్లు మూసుకుని ఒకటి తీశాడు. మెల్లగా దాని నార విప్పాడు. అర్చిత మెడ చాచి చూసింది.

తెల్లపువ్వు!

“ఇచ్చేసిందిరా తల్లి!” అని పెద్దాయన లెంపలేసుకున్నాడు. పద్మనాభన్ మొహం మాడిపోయింది. అయినా అంత మనిషీ అమ్మవారి ముందు సాష్టాంగపడి లేచి, “ఆమే చెప్పినాక నేనెవర్ని? నువ్వే హెడ్డువమ్మా,” అన్నాడు.

అర్చితకు కన్నీళ్లు ఆగలేదు. ఏమి మహిమ తల్లీ! ఏ కంపెనీలో ఏ చైర్మన్ మాటకు ఇలా మారుమాట లేకుండా తల వంచుతారు? నిన్న పూలను చులకన చేసినందుకు సిగ్గుపడి తనూ లెంపలేసుకుంది.

మంగళ మిగిలిన పొట్లం తీసుకుని పెరట్లోకి నడిచింది. అర్చిత ఆమె వెనకే పరుగెత్తింది.

“అక్కా, అందరికీ కార్డులు అచ్చువేయిస్తున్నాం. నీ పేరు కింద ఏం వేయించమంటావు?”

“నాకేందమ్మా హోదా? పూలు కట్టేదాన్ని.”

“అయితే ఇవాళ ఆ పొట్లం నన్ను వేయనీ అక్కా. అమ్మవారికి ఆమాత్రమైనా చేసుకుంటా.”

మంగళ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత పొట్లం ఆమె చేతిలో పెట్టి, “సరి. నువ్వూ తెలుసుకోవాల్సిందే గదా,” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అర్చిత దాన్ని భక్తిగా కళ్లకద్దుకుంది. బావి మీదికి చెయ్యి చాచేసరికి నార జారి ఆకు విచ్చుకుంది.

అందులోనూ తెల్లపువ్వే ఉంది.